సీసా నిండా ఈగలు, పందిరి నిండా పుచ్చు కాయలు

ప్రశ్న: మిద్దె మీద బీర, కాకర పందిరి వేశాం. పిందెలు వేలెడంత కాగానే వంకర తిరిగి, పసుపుబారి రాలిపోతున్నాయి. కోస్తే లోపల తెల్లని పురుగులు. నీళ్ల సీసాకు రంధ్రాలు పెట్టి, బెల్లం నీళ్లు పోసి వేలాడదీశాను. రోజూ బోలెడు ఈగలు పడుతున్నాయి కానీ కాయలు దక్కడం లేదు. లోపం ఎక్కడుంది? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ నీళ్లను తెల్లని పళ్లెంలోకి వంపి, పడినవేమిటో చూడండి. అరటిపండ్ల మీద ముసిరే నలుసంత ఈగలో, ఇంటి ఈగలో అయితే వాటికీ మీ బీరకాయకూ సంబంధం లేదు. మీ పిందెలను పాడు చేస్తున్నది పండు ఈగ. ఇంటి ఈగంత ఉంటుంది కానీ ఒళ్లు గోధుమ రంగు, వీపు మీద పసుపు చారలు, రెక్కలపై ముదురు మచ్చలు. చూడగానే చిన్న కందిరీగ అనుకుంటాం. వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ రైతులకు నేను మొదట చెప్పిన మాట ఇదే: ఏ పురుగో తేల్చుకోనిదే ఎర కలపవద్దు.

తల్లి ఈగ గుడ్లు పెట్టాలంటే దానికి మాంసకృత్తులు కావాలి. ఒట్టి బెల్లం నీళ్లలో అవి లేవు. అందుకే ఈస్టు కలపాలి. బాగా మగ్గిన జామపండో అరటిపండో చిదిమి, రెండు చెంచాల బెల్లం, చెంచాడు ఈస్టు, గ్లాసుడు నీళ్లు కలిపి ఒక రోజు పులియనివ్వండి. అందులో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలు వేయండి. సబ్బు లేకపోతే ఈగ నీటి మీద వాలి మళ్లీ లేచిపోతుంది. లీటరు సీసా పైసగంలో పెన్సిలు పట్టేంత రంధ్రాలు చాలు. ఎండ తగలకుండా పందిరి కింద, ఆకుల నీడలో కట్టండి. వారానికోసారి ద్రావణం మార్చండి. తేనె మాత్రం వేయకండి, పూలకు వచ్చే తేనెటీగలు పడి చస్తాయి. అవి లేకపోతే మీకు పిందె కట్టేదే లేదు.

తులసి రసం పోయమని కొందరు చెబుతున్నారు. తులసిలోని మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థానికి మామిడి మీద వాలే పండు ఈగలో మగవి వస్తాయి. బీర, కాకర మీది ఈగ దానికి రాదు. దానికి క్యూల్యూర్ అనే వాసన మందు బిళ్ల ఉన్న లింగాకర్షక బుట్టలు (మగ ఈగలను రప్పించి పట్టేవి) ఎరువుల దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలోనూ మగ ఈగలే పడతాయి.

ఇక అసలు సంగతి. సీసా ఎంత బాగా పనిచేసినా రాలిన కాయలను తొట్లలోనే వదిలేస్తే మీ కష్టమంతా వృథా. కాయలోని పురుగు బయటికి వచ్చి మట్టిలో దూరి, అక్కడే గింజలాంటి కోశంలో ముడుచుకుని కోశస్థ దశ గడిపి, మళ్లీ ఈగగా లేస్తుంది. సీసాలో పడిన వాటికంటే ఎక్కువ ఆ మట్టిలోంచే వస్తాయి. వంకర పిందె కనబడితే రాలేదాకా ఆగకుండా కోసి, ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా మూతికట్టి, వారం రోజులు మండుటెండలో పెట్టండి. తొట్టి పైమట్టిని తరచూ గుల్ల చేస్తూ ఉండండి, కోశాలు చీమల పాలవుతాయి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పరాగ సంపర్కం జరిగి పూరేకులు వాడగానే పిందెకు కాగితపు సంచో పాత ధోవతి గుడ్డో తొడగండి. నాలుగైదు పాదులున్న మిద్దెతోటకు ఇంతకు మించిన రక్షణ లేదని నా నమ్మకం. సీసా దానికి తోడు మాత్రమే.

ప్రశ్న: మిరప, గులాబీ మొక్కలకు జిగురు అట్టలు ఇంట్లో చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చేసుకోవచ్చు. పాత ప్లాస్టిక్ ఫైలు అట్టకు రంగు వేసి ఆముదం పూస్తే సరి. తెల్లదోమకు, పేనుబంకకు పసుపు రంగు, తామర పురుగులకు నీలం. మొక్క చివుళ్ల ఎత్తులో కట్టండి, దుమ్ము పడితే తుడిచి మళ్లీ పూయండి. అక్షింతల పురుగులు అంటుకుంటున్నాయంటే మాత్రం అట్టను వెంటనే తీసేయండి. పేనుబంకను తినిపెట్టేవి అవే.

ప్రశ్న: ఈస్టు, పంచదార వేసిన సీసా గదిలో పెడితే దోమలు పోతాయా?

జవాబు: పోవు. ఆ సీసాలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దోమ దాని జాడ పట్టి వస్తుంది, అంతవరకు నిజమే. కానీ పక్కనే పడుకున్న మనిషి నుంచి ఆ వాయువుతోపాటు ఒంటి వేడి, చెమట వాసన కూడా వస్తుంటే దోమ సీసా దగ్గరకు ఎందుకు పోతుంది? పసిపిల్లలున్న ఇంట్లో ఆ సీసాను నమ్ముకుని దోమతెర మానేయకండి. కూలర్ తొట్టిని, కుండీల కింది పళ్లేలను వారానికోసారి పీచుతో తోమి ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.