అందరూ అందరికీ తెలిసిన చోట థెరపీ: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ప్రశ్న: మాది చిన్న ఊరు. నెలల తరబడి దిగులుగా ఉంటోంది, సరిగా నిద్ర పట్టదు. మందులతో పాటు థెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) కూడా అవసరమని డాక్టరుగారు అన్నారు. ఇక్కడ ఉన్నది ఒక్కరే థెరపిస్టు. ఆవిడ పిల్లాడూ మా పిల్లాడూ ఒకే క్లాసు. ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. చిన్న ఊళ్లో ముక్కూమొహం తెలియని థెరపిస్టు దొరకాలంటే దొరకరు. పరిచయం ఉందా లేదా అన్నది కాదు, ఎంత దగ్గరిదన్నది చూసుకోవాలి. స్కూలు గేటు దగ్గర పలకరించుకునే పరిచయమైతే ఫరవాలేదు. ఆవిడ మీకు చుట్టమో, ప్రాణ స్నేహితురాలో, పై అధికారో, మీకు అప్పిచ్చిన మనిషో అయితే మాత్రం వద్దు. అలాంటిచోట మీరు ఏ మాట చెప్పినా దానివల్ల ఆవిడకు సొంత లాభమో నష్టమో ఉంటుంది. ఇక మీ పక్షాన నిలబడి వినడం కుదరదు. అమెరికా మనస్తత్వవేత్తల సంఘమైన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళిలోని 3.05 నియమం ఇదే చెబుతుంది. థెరపీకి బయట మరో సంబంధం ఉండటమే తప్పు అనదు. దానివల్ల థెరపిస్టు నిష్పాక్షికత దెబ్బతినేలా ఉన్నా, క్లయింటుకు హాని జరిగేలా ఉన్నా తప్పు అంటుంది.

మొదటి సెషన్‌లో మీ బాధ చెప్పడం మొదలుపెట్టే ముందు ఓ పది నిమిషాలు ఈ సంగతులకు కేటాయించండి. బయట ఎదురుపడితే ఎవరు ముందు పలకరించాలి? సాధారణంగా థెరపిస్టు తనంతట తాను పలకరించరు, మీరు పలకరిస్తేనే బదులిస్తారు. ఈ పద్ధతి మీకు ముందే తెలియకపోతే ‘చూసి కూడా మొహం తిప్పుకున్నారు’ అని మనసు కష్టపెట్టుకుంటారు. మీ ఇద్దరికీ పరిచయం ఉందని ఊళ్లో తెలుసు కాబట్టి, బొత్తిగా పలకరించుకోకపోతేనే అనుమానం వస్తుంది. కాబట్టి ‘బాగున్నారా’, ‘బాగున్నానండీ’ దగ్గర ఆపేద్దామని అనుకోండి. పక్కనున్నవాళ్లు ‘ఆవిడ నీకెలా తెలుసు?’ అంటే ‘పిల్లల స్కూల్లో పరిచయం’ అన్న మాట సిద్ధంగా పెట్టుకోండి. అది నిజమే కాబట్టి తడబడే అవసరం ఉండదు. పేరెంట్స్ మీటింగులో మీ ఇద్దరి మధ్యా మాట తేడా వస్తే ఏం చేయాలో కూడా అప్పుడే అడగండి. మంచి థెరపిస్టు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, చాలామంది తామే ఎత్తుతారు.

ప్రశ్న: మా అత్తగారు కూడా అదే థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నారని నా అనుమానం. నా మాటలు ఆవిడ చెవిన పడవని నమ్మకం ఏమిటి?

జవాబు: అత్తగారు వస్తున్నారా అని మీరు అడిగితే థెరపిస్టు అవుననీ అనరు, కాదనీ అనరు. అది దాపరికంలా అనిపిస్తుంది కానీ, రేపు ఆవిడ మీ గురించి అడిగినా అదే జవాబు వస్తుంది. మీకు కావలసిన రక్షణ అదే. ఒకే ఇంటి గొడవను ఇద్దరి నోటా విడివిడిగా విని ఎటూ మొగ్గకుండా ఉండటం థెరపిస్టుకు కష్టమే. ఆ పరిస్థితి తలెత్తితే, కారణం చెప్పకుండానే మిమ్మల్ని మరొకరి దగ్గరికి పంపవచ్చు. అది మీ తప్పు కాదు.

ఒక్కటి మాత్రం గమనించండి. మీరు ఎన్నడూ చెప్పని సంగతి థెరపిస్టు నోట వస్తే, తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి. ‘ఇది నేను మీకు చెప్పలేదు, మీకెలా తెలిసింది?’ అని ఆ సెషన్‌లోనే అడగండి. వేరొకరి సంగతులు మీ దగ్గర చెప్పే థెరపిస్టు అయితే ఇంకేమీ ఆలోచించకుండా మానేయండి.

గోప్యతకు హద్దులూ ఉన్నాయి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో తక్షణ ముప్పు ఉంటే, పసిపిల్లల మీద హింస జరుగుతుంటే, కోర్టు ఆదేశిస్తే థెరపిస్టు బయటికి చెప్పాల్సి రావచ్చు. తన పైనున్న నిపుణులతో కేసు చర్చించడమూ మామూలే. పెద్ద నగరంలో పేరు తీసేస్తే చాలు. చిన్న ఊళ్లో ‘ముగ్గురు పిల్లల తల్లి, టీచరు’ అంటేనే మనిషి తెలిసిపోతుంది. మీ ఊరి బయటివారితోనే చర్చిస్తారా, ఉద్యోగం, కుటుంబం వివరాలు కూడా మారుస్తారా అని అడగండి.

అసలు విషయం బయటపడేది చాలాసార్లు థెరపిస్టు నోటి నుంచి కాదు. అపాయింట్‌మెంట్లు రాసే అమ్మాయి మీ వీధిలో ఉంటుంది. ఇంట్లో అందరూ వాడే ఫోన్ తెర మీద రిమైండర్ మెసేజ్ మెరుస్తుంది. రసీదు మీద క్లినిక్ పేరు ఉంటుంది. వెయిటింగ్ హాల్లో తెలిసినవాళ్లు తగులుతారు. మెసేజ్‌లో క్లినిక్ పేరు లేకుండా సమయం మాత్రమే పంపమనండి. ఫోన్ లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ కనిపించకుండా ఆపేయండి. ఇద్దరు క్లయింట్ల మధ్య కనీసం పావుగంట ఎడం ఉండే సమయం అడగండి.

ప్రశ్న: ఇదంతా ఎందుకని ఆన్‌లైన్‌లో వేరే ఊరి థెరపిస్టును చూసుకున్నాను. కానీ ఇంట్లో గోడలు పల్చన, మాట వినబడిపోతుంది.

జవాబు: ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే థెరపిస్టు మాటే దాగుతుంది, మీది కాదు. ఫ్యానో రేడియోనో మీ గదిలో పెడితే మైకుకు అడ్డం పడుతుంది, తలుపు బయట పెట్టండి. ఆగి ఉన్న కారు అన్నిటికంటే మంచి గది. కారు నడుపుతూ మాత్రం వద్దు. ఎవరైనా గదిలోకి వస్తే ‘ఆ ఫైలు రేపు చూద్దాం’ లాంటి ఓ మాట ముందే అనుకోండి, అది వినగానే ఆయన మాట మారుస్తారు. నెట్ పోతే ఎవరు ఎవరికి, ఎన్ని నిమిషాల్లో ఫోన్ చేయాలో కూడా తేల్చుకోండి. ప్రతి సెషన్‌లోనూ మీరెక్కడున్నారో చెప్పడం మరిచిపోకండి, అత్యవసరమైతే సాయం పంపడానికి ఆ వివరమే ఆధారం. ఇంట్లో మిమ్మల్ని కొట్టేవాళ్లో, మీ ఫోన్ తనిఖీ చేసేవాళ్లో ఉంటే ఇంటి నుంచి మాట్లాడటం క్షేమం కాదు. వేరే చోటు చూసుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో పెళ్లికి థెరపిస్టును పిలవాలా?

జవాబు: శుభలేఖ పట్టుకెళ్లే ముందు సెషన్‌లో అడగండి. రానంటే అది అమర్యాద కాదు, మీ రహస్యం కాపాడటమే.

ప్రశ్న: నాలుగు సెషన్లు అయ్యాయి. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మానేస్తే ఇక్కడ ఇంకెవరూ లేరు.

జవాబు: వారానికోసారి, 45 నుంచి 50 నిమిషాలు అన్నది మామూలు లెక్క. డిప్రెషన్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకునే పద్ధతి) అయితే సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడతాయి. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని రెండు వారాలకోసారి నింపండి. మార్కులు 0 నుంచి 27 వరకు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ ఓ మోస్తరుగానో అంతకంటే ఎక్కువగానో ఉందని, ముందటికంటే 5 తగ్గితే నిజమైన మార్పు వచ్చిందని అర్థం. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి ‘అసలు లేదు’ అన్నది కాక మరే జవాబు ఇచ్చినా థెరపిస్టుకు వెంటనే చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న తెగింపు వస్తే వచ్చే సెషన్ దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మార్కులు కదలకపోతే ముందు ఒకటి చూసుకోండి. చిన్న ఊళ్లో క్లయింట్లు అసలు మనిషి పేరు దాచి చుట్టూ తిరిగి మాట్లాడతారు, ఎందుకంటే ఆ మనిషి థెరపిస్టుకూ తెలుసు. సగం కథ విన్న థెరపిస్టు సగం పనే చేయగలరు. ‘ఒకరి గురించి చెప్పాలి, ఆయన మీకు తెలిసినవారేమోనని ఆగుతున్నాను’ అని మొదలుపెట్టండి. పేరు చెప్పకపోయినా ‘పై అధికారి’, ‘అన్నయ్య’ అని సంబంధం చెప్తే చాలావరకు పని జరుగుతుంది.

1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త థెరపీ బంధానికి మూడు కాళ్లు చెప్పారు: లక్ష్యం, అందుకు చేసే పనులు, నమ్మకం. ఏ కాలు కుంటుతోందో థెరపిస్టుకే చెప్పండి. ‘డైరీ రాయమన్నారు, మా ఇంట్లో అది దాచుకునే చోటు లేదు’ అంటే మాటలకు బదులు తేదీ పక్కన 0 నుంచి 10 వరకు ఓ అంకె వేయమంటారు, పని జరిగిపోతుంది. నమ్మకమే కుదరకపోతే మాత్రం ఇంకో మూడు సెషన్లు చూసి, ఆన్‌లైన్‌లో వేరేవారిని సూచించమని ఆయన్నే అడగండి. మీ రికార్డు సారాంశం కొత్తవారికి పంపడానికి మీ రాతపూర్వక అనుమతి కావాలి. అందులో ఏమేం ఉంటాయో చదివాకే సంతకం పెట్టండి.