అప్‌సాంప్లర్ పెడితే పాట మారతాదా? (టెక్ సందేహాలు)

ప్రశ్న: సార్, మాది విజయనగరం కంటోన్మెంట్. పాత సీడీ ప్లేయరు, స్టీరియో యాంప్, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి, పోయినేడు ఒక డాక్ (డిజిటల్ అంకెల్ని స్పీకర్‌కి పంపే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కూడా కొన్నాను. మధ్యలో డిజిటల్ అప్‌సాంప్లర్ పెడితే శాంప్లింగ్ రేటు 44.1 కిలోహెర్ట్జ్ కాస్తా 192 అయిపోయి ఘంటసాల గారు మీ హాల్లో కూర్చుని పాడినట్టే ఉంటాదని ఆన్‌లైన్లో అమ్మేవాడు చెప్తున్నాడు. పాతిక వేలంట. దాన్ని నడిపే యాప్ వాట్సాప్‌లో పంపేశాడు. కొనమంటారా?

జవాబు: వద్దు. ఇదే ప్రశ్న బొబ్బిలి నుంచీ వస్తోంది రాజాం నుంచీ వస్తోంది, పెట్టె పేరు మారతాది గాని అమ్మేవాడి మాట మాత్రం మారదు.

సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్ళు (శబ్దాన్ని కొలిచి రాసుకున్న చుక్కలు), అందులో సగం అంటే 22.05 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దం పూర్తిగా పట్టేస్తాది. యాభై దాటిన మనలాంటోళ్ళకి 14 కిలోహెర్ట్జ్ వినిపిస్తే అదే గొప్ప. అప్‌సాంప్లర్ చేసేదేటంటే, ఉన్న శాంపిళ్ళ మధ్యలో లెక్కకట్టి కొత్త చుక్కలు పెడతాది, ఆ లెక్క కూడా ఉన్నవాటి నుంచే, రికార్డింగులో లేనిది ఎక్కడి నుంచి తెస్తాది? అసలు ఆ పని మీ డాక్‌లో ఉన్న చిప్పు ఎప్పటి నుంచో చేస్తానే ఉంది. ఫిలిప్స్ వాళ్ళ మొదటి తరం సీడీ ప్లేయర్లలో, అంటే 1980ల మొదట్లోనే, 14 బిట్ల చిప్పుతో నాలుగు రెట్లు ఓవర్‌సాంప్లింగ్, అంటే ఇదే రేటు పెంచే పని, చేశారు. ఎందుకంటే మనకి కావలసింది 20 కిలోహెర్ట్జ్ దాకా, 22.05 దాటింది అంతా కోసెయ్యాలి, ఆ ఇరుకులో కొయ్యాలంటే అనలాగ్ ఫిల్టరు నిట్టనిలువుగా ఉండాలి, అది కష్టం, ముందు డిజిటల్లోనే రేటు పెంచేస్తే తర్వాత సాదా ఫిల్టరు చాలు. ఇది మంచి ఇంజినీరింగే, నేను కాదనట్లేదు. జరిగిపోయిన పనికి మళ్ళీ పాతిక వేలు ఎందుకూ అంటున్నాను.

ఒక్క చోట మాత్రం తేడా నిజంగా రావొచ్చు. కొందరు ఇష్టపడి ఓవర్‌సాంప్లింగ్ లేని డాక్‌లు వాడతారు, వాటిలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం దాదాపు 3 డెసిబెల్స్ పడిపోతాది, దాని ముందు అప్‌సాంప్లర్ పెడితే ఆ పడిపోవడం తగ్గుతాది. మీది అలాంటిది కాకపోతే ఈ పేరా మీకు అక్కర్లేదు.

"కానీ పెట్టగానే నాకు తేడా తెలిసింది సార్" అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. తెలుస్తాది, ఆ పెట్టె అర డెసిబెల్ గట్టిగా పంపినా మన చెవికి అదే బావుందనిపిస్తాది. రెండిటి వాల్యూమూ సమానం చేసి, మీరు చూడకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమని అప్పుడు చెప్పండి చూద్దాం. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో ఒక పరీక్ష వచ్చింది, హై రిజల్యూషన్ డిస్కుల్ని మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపించినా మామూలు వాల్యూమ్‌లో జనం పట్టుకోలేకపోయారు. ఇక ఘంటసాల గారి సంగతి. ఆయన సంగీతం నేర్చుకున్నది మీ ఊరి సంగీత కళాశాల్లోనే కదా, మీకా అభిమానం ఉండటం న్యాయమే, గాని ఆ పాటలకి హద్దు ఆనాటి మైకులూ టేపులే, శాంప్లింగ్ రేటు కాదు. యూట్యూబ్ నుంచి దింపిన పాటకి అప్‌సాంప్లర్ పెట్టడమైతే మరీనూ, పిప్పిని మళ్ళీ గానుగలో పెట్టినట్టే.

సరే, పాతిక వేలు పోతే పోయాయి అనుకుందాం. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ వాట్సాప్‌లో వచ్చిన యాప్. ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైలు కదా అది? ఇన్‌స్టాల్ చేశారా? ఎస్సెమ్మెస్ చదవడానికి, యాక్సెసబిలిటీకి పర్మిషన్ అడిగిందా? పాటల రేటు మార్చే పెట్టెకి మీ మెసేజీలతో ఏటి పని? యాక్సెసబిలిటీ ఇచ్చారంటే మీ స్క్రీన్ మీద కనిపించేది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు, ఎస్సెమ్మెస్ ఇచ్చారంటే ఓటీపీ దాని చేతిలో పెట్టినట్టే. అమ్మేవాడు మంచోడే కావొచ్చు, ఆ ఫైలు వాడికి ఎవరు పంపారో వాడికే తెలిసుండదు. ఇచ్చేసి ఉంటే ముందు డేటా, వైఫై ఆపండి, ఆ పర్మిషన్లు తీసేసి యాప్ తీసెయ్యండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, తెల్లారి బ్యాంకుకెళ్దాంలే అని కూర్చోకండి.

అసలు ఈ పెట్టెలు తయారుచేసేవాళ్ళని అడగాలి. ముందు ఒక నాబ్ ఉండేది, తిప్పితే పనయ్యేది. ఇప్పుడు ప్రతిదానికీ యాప్, యాప్‌కి అకౌంటు, అకౌంటుకి ఫోన్ నంబరు, పైగా వైఫై పాస్‌వర్డు, అందులో ఫ్యాక్టరీ పాస్‌వర్డు ఎవడూ మార్చడు, కొన్నాళ్ళకి అప్‌డేట్లు ఆపేస్తారు, పెట్టె మాత్రం మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే తలుపు తెరుచుకుని కూర్చుంటాది. వాషింగ్ మెషిన్ కూడా లొకేషన్ అడుగుతున్న రోజులు బాబూ ఇవి. నెట్‌కి కలిపే ఏ ఆడియో పెట్టెనైనా రౌటర్లో గెస్ట్ వైఫై (మీ ఫోన్లూ కంప్యూటర్లతో కలవని వేరే వైఫై) మీద పెట్టండి, రౌటర్లో యూపీఎన్‌పీ (ఇంట్లో పెట్టెలు అడిగితే బయటికి దారి దానంతటదే తెరిచే సెట్టింగ్) ఆపెయ్యండి.

ఆ డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే హాలు వైపు చూడండి. కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు, ఎదురుగా గాజు షోకేసు, ఇదే కదా మన ఇళ్ళ తీరు, శబ్దం అటూ ఇటూ కొట్టుకుని మాటే తేలదు. స్పీకర్ల ముందు మందపాటి తివాచీ, ఒక గోడకి బరువైన కర్టెన్లు, స్పీకర్లని గోడకి అతికించకుండా రెండడుగులు ముందుకి. మిగిలింది ఎర్తింగ్‌కి పెట్టండి, సిస్టంలో జుయ్యిమనే మోత ఉంటే ముందు అనుమానించాల్సింది అదే.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి. ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌లో 96 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే పాట బాగుంటాదా?

జవాబు: ఉండదు. అసలు పాట 44.1లోనో 48లోనో ఉంటాది, పైగా బ్లూటూత్‌లో ఎలాగూ కుదించే పంపిస్తారు, బిట్ రేటు చాలక సిగ్నల్ తెగడం తప్ప ఏటీ రాదు. వైరు పెట్టండి.