పట్టాల పక్కన నిద్ర

ప్రయాణాల మీద పాఠకుల ప్రశ్నలు
జవాబులు: విశ్రాంత రైల్వే గార్డు, రాయగడ

ప్రశ్న: గార్డుగారికి నమస్కారం. మా పుట్టిల్లు గుణుపురం. మా నాన్నగారు నౌపడ–గుణుపురం లైన్లో కీమేన్‌గా చేసి రిటైరయ్యారు. చిన్న బండి (నేరోగేజ్ రైలు) రోజుల నుంచీ మా ఇల్లు పట్టాల పక్క క్వార్టరే. రెండేళ్ళ కిందట అమ్మానాన్నలను జయపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. మాది ఊరి చివర కొత్త కాలనీ, చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ నాన్నకు నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి అరుగు మీద కూర్చుంటున్నారు. డాక్టరుకు చూపిస్తే జబ్బేమీ లేదన్నారు. ఈ ఏడు వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు. రాంచీ స్టేషన్ దగ్గర బి.ఎన్.ఆర్. హోటల్ అని రైల్వే వాళ్ళు కట్టిన పాత హోటల్ ఉందని విని, అక్కడ రెండు రోజులు ఉంచాలనుకున్నాను. మావారు మాత్రం, డబ్బిచ్చి మరీ రైళ్ళ చప్పుడులో పడుకోవడం ఏమిటంటున్నారు. అమ్మకు బీపీ ఉంది, పలచటి నిద్ర. ఆమె గురించే నా టెన్షన్. వెళ్ళమంటారా, ఊళ్ళో వేరే హోటల్ చూసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఇద్దరం ఒకటే మాట అనుకున్నాం. తీసుకెళ్ళండి.

మీ నాన్నగారి సంగతి నాకు బాగా తెలుసు. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ కీమేన్ పని చూశాను. తెల్లారగానే భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని తన బీటు మొత్తం నడవాలి. పట్టాలను కదలకుండా పట్టి ఉంచే ఇనప కీ వదులుగా కనిపిస్తే కొట్టి బిగించాలి. సుత్తి దెబ్బకు వచ్చే మోతను బట్టే కీ బిగిసిందో లేదో చెప్పేవాళ్ళున్నారు. అంటే ఆ మనిషి చెవితో ఉద్యోగం చేశాడు. వేళకు బండి వెళ్ళిన చప్పుడు వినిపిస్తే, తను బిగించిన పట్టాలు నిలిచాయని అర్థం. జయపురంలో ఆయనకు ఆ కబురు అందడం లేదు. రెండింటికి లేచి కూర్చునేది అందుకే అనుకుంటాను. డాక్టరుగారి మాటకు నేను అడ్డు చెప్పడం లేదు, నా అనుభవం చెబుతున్నాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు గార్డుగా చేశాను. 2022 నుంచి మా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, నాకు మాత్రం గార్డు అన్న మాటే ఇష్టం. గార్డుకు, డ్రైవరుకు సగం జీవితం రన్నింగ్ రూముల్లో గడుస్తుంది. బండిని టిట్లాగఢ్ దాకా తీసుకెళ్ళి అప్పజెప్పి, మళ్ళీ డ్యూటీ వచ్చేదాకా అక్కడ పడుకోవాలి. అది పగలు కావచ్చు, అర్ధరాత్రి కావచ్చు. కిటికీ అవతల యార్డు ఉంటుంది. గూడ్సు బళ్ళు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. వాటికి నేను లేచింది లేదు. మమ్మల్ని డ్యూటీకి లేపే కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని వరండాలోకి అడుగుపెడితే మాత్రం, వాడి చెప్పుల చప్పుడుకే మెలకువ వచ్చేసేది. బళ్ళన్నీ ఊరందరివీ, ఆ చెప్పుల చప్పుడొక్కటే నాది. పసిబిడ్డ కదిలితే లేచే తల్లి పక్కింట్లో పెళ్ళి మేళం మోగుతున్నా పడుకుంటుంది కదా, ఇదీ అంతే.

అమ్మగారి సంగతికి వస్తాను. చప్పుళ్ళు రెండు రకాలు. వెళ్ళిపోయే బండి చప్పుడు ఒకటి, నిలబడిన బండి చప్పుడు ఇంకొకటి. వెళ్ళిపోయేది దూరం నుంచి మెల్లగా పెరిగి, మళ్ళీ తగ్గిపోతుంది. యాభై ఎనిమిది పెట్టెల బొగ్గు గూడ్సు సుమారు 650 మీటర్లు ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే మనల్ని దాటడానికి ముప్పావు నిమిషం చాలు. మనసు దానికి తొందరగా అలవాటు పడుతుంది. నిద్ర చెడగొట్టేది రెండోది. పెట్టెలను విడదీసి కలిపే షంటింగులో అవి ఒకదానికొకటి గుద్దుకోవడం, ఉన్నట్టుండి హారన్, మైకులో అనౌన్స్‌మెంట్. వీటికి వరస ఉండదు, ఎప్పుడొస్తాయో తెలియదు. కాబట్టి ఏ హోటల్లోనైనా సరే, పట్టాలు ఎంత దూరం అని అడగడంతో ఆగకండి. గది కిటికీ ఎటు తెరుచుకుంటుందో, ప్లాట్‌ఫారం మైకు వినపడుతుందో లేదో అడగండి.

మేమిద్దరం రాంచీలో ఆ హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం. రిటైరైన ఏడాది, నా మొదటి సరదా ప్రయాణం అదే. అంతవరకూ డ్యూటీ లేకుండా పట్టాల దగ్గర పడుకున్నది లేదు. మొదటి రాత్రి మా ఆవిడ ప్రతి బండికీ లేచింది, తెల్లారి లెక్క కూడా చెప్పింది. రెండో రాత్రి నేను నాలుగున్నరకు లేచి చూస్తే ఆమె గాఢనిద్రలో ఉంది. చప్పుడు చేయకుండా వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. ఏదో బండి బయల్దేరుతోంది. హారన్ వినగానే నా చెయ్యి జేబులోకి వెళ్ళింది, విజిల్ కోసం. జేబులో గది తాళం చెవి ఉంది. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. లోపలికి వచ్చాక మా ఆవిడ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను గానీ, ఆ రోజంతా నేను మాట్లాడుతూనే ఉన్నానట. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తనకు చెప్పని డ్యూటీ సంగతులన్నీ ఆ రోజే చెప్పానట. మీ నాన్నగారికీ అలాంటి రోజు ఒకటి దొరకాలని నా కోరిక. కనుక ఒక్క రాత్రికి బుక్ చేయకండి. రెండు రాత్రులు తప్పకుండా ఉండాలి. మొదటిది అమ్మగారు అలవాటు పడడానికి పోతుంది.

ఇక ఆ హోటలే ఎందుకో మీవారికి చెప్పండి. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే, 1887లో పుట్టిన కంపెనీ. మన రాయగడ మీదుగా పోయే రాయపూర్–విజయనగరం లైను వేసింది ఆ కంపెనీయే. అది 1931లో పూర్తయింది. అప్పటికి రాయగడ, జయపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చాం. మన ఇళ్ళలో ముసలివాళ్ళు బి.ఎన్.ఆర్. అన్న మూడక్షరాలను ఇంటిపేరులా పలకడం నేను విన్నాను. ఆ కంపెనీ పూరీలో సముద్రం ఒడ్డున ఒక హోటలు, రాంచీలో స్టేషన్ దగ్గర ఒక హోటలు కట్టింది. రాంచీ సుమారు 650 మీటర్ల ఎత్తున్న పీఠభూమి. ఎండాకాలం చల్లగా ఉంటుందని అప్పటి బీహార్–ఒరిస్సా ప్రభుత్వం వేసవికి అక్కడికి మకాం మార్చేది. దొరలూ అధికార్లూ రైలు దిగి నడిచి వెళ్ళేంత దగ్గరలో బస కావాలి కదా. పెంకుల కప్పు, వరండాలు, చెట్లు, అన్నీ ఆ కాలపు బంగళా పద్ధతే. ఇప్పుడు నడుపుతున్నది ప్రైవేటు వాళ్ళు.

మీ నాన్నగారికి మాత్రం ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు. 1907లో రాంచీకి వచ్చిన మొదటి రైలు పురూలియా నుంచి వచ్చిన చిన్న బండి. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. ఆయన సుత్తి పట్టుకుని నడిచిన లైనూ సరిగ్గా అంతే. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేయించి, 1931 నాటికి గుణుపురం చేర్చిన లైను అది. తరవాత అదీ బి.ఎన్.ఆర్.లో కలిసిపోయింది. మనవైపు చిన్న బండి 2004లో ఆగిపోయింది, 2011లో పెద్ద లైను మీద బళ్ళు మొదలయ్యాయి. రాంచీ లైను అంతకు చాలా ముందే పెద్దదైంది. వరండాలో కూర్చోబెట్టి ఈ మాట చెబితే, మిగిలిందంతా ఆయనే మీకు చెబుతారు. మనవలుంటే పక్కన కూర్చోబెట్టండి.

ప్రయాణానికి రాయగడ నుంచి బండి మారే పని లేదు. అలెప్పీ నుంచి ధన్‌బాద్ పోయే బొకారో ఎక్స్‌ప్రెస్ విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పూర్, రూర్కెలా మీదుగా రాంచీ వెళ్తుంది. జయపురం నుంచి రాయగడకు రైల్లోనే రండి. కోరాపుట్–రాయగడ లైన్లో సొరంగాలు, వంతెనలు చూస్తూ పగటిపూట రావాలి, కీమేన్‌గారికి అదే పెద్ద కానుక. రాయగడలో ఒక పూట ఆగి మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని బొకారో ఎక్కండి. ఇద్దరికీ లోయర్ బెర్తులు దొరికేలా ముందే రిజర్వేషన్ చేయించండి.

గదుల విషయంలో నా సలహా ఇది. రెండు గదులు తీసుకోండి. లోపలివైపు గదిలో మీరూ అమ్మగారూ, స్టేషన్ వైపు దగ్గరగా ఉన్నదాంట్లో నాన్నగారూ అల్లుడుగారూ. యాభయ్యో పెళ్ళిరోజుకు వేరు గదులా అని మీకు బాధనిపించవచ్చు. అది మొదటి రాత్రి మాటే. రెండో రాత్రి ఏ గది కావాలో వాళ్ళిద్దరినే తేల్చుకోనివ్వండి. రెండూ కింది అంతస్తులో ఇమ్మని ఫోన్‌లోనే అడగండి. అమ్మగారి గదిలో ఫ్యాన్ ఆపవద్దు. ఆగకుండా వచ్చే ఆ చిన్న చప్పుడు బయటి చప్పుళ్ళను మింగేస్తుంది. బీపీ మాత్ర రోజూ వేసుకునే వేళకే వేయండి, ప్రయాణంలో చాలామంది తప్పేది అక్కడే.

ఊళ్ళో ఎక్కువ తిప్పకండి. హుండ్రు జలపాతం గొప్పగా ఉంటుంది, కానీ కిందికి వందల మెట్లున్నాయి, వద్దు. జగన్నాథస్వామి గుడికి మాత్రం వెళ్ళండి. 1691లో కట్టారు, పూరీ గుడి పద్ధతిలో చిన్న గుట్ట మీద ఉంటుంది. పొద్దున ధుస్కా తినిపించండి. బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేస్తారు, బంగాళాదుంప కూరతో ఇస్తారు. మా ఆవిడ ఇంటికొచ్చాక రెండుసార్లు చేసింది. అమ్మగారికి మటుకు ఒకటి చాలు, నూనె ఎక్కువ.

ఇంటికి తిరిగి వచ్చాక ఆయనకు మళ్ళీ నిద్ర పట్టకపోవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. వారానికోసారి సాయంత్రం జయపురం స్టేషన్‌కు తీసుకెళ్ళి ఒక బండి వచ్చి వెళ్ళేదాకా కూర్చోబెట్టండి. ప్లాట్‌ఫారం టికెట్టు కొని వెళ్ళండి. కొనకపోతే ఆయన లోపలికి రారు.

ప్రశ్న: పట్టాల పక్కన పడుకోవాలన్న సరదా నాకూ ఉంది, హోటల్ ఖర్చు భరించలేను. స్టేషన్‌లోని రిటైరింగ్ రూములు ఎవరికైనా ఇస్తారా?
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: టికెట్టు ఉన్నవాళ్ళకే ఇస్తారు బాబూ. కన్‌ఫర్మ్ గానీ ఆర్ఏసీ గానీ అయి ఉండాలి, పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. బయల్దేరే స్టేషన్‌లో గానీ దిగే స్టేషన్‌లో గానీ, 48 గంటల వరకు ఉండనిస్తారు. గదులు తక్కువ, పండగ రోజుల్లో దొరకడం కష్టం. నిద్ర కావాలనుకుంటే డార్మిటరీ కాకుండా గదే తీసుకోండి. డార్మిటరీలో రైళ్ళ కన్నా, తెల్లవారుజాము బండికి లేచేవాళ్ళ ఫోన్ అలారాలే ఎక్కువ మోగుతాయి.