ఫార్మా వదిలి ఇంకుల వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. నాన్న పాశమైలారంలో చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్లకు ఫిల్మ్ ప్రింట్ చేసే యూనిట్‌లో గ్రావ్యూర్ (సన్నటి గుంటలు చెక్కిన సిలిండర్‌తో ప్రింట్ చేసే) మెషీన్ ఆపరేటర్. ఇంటికొచ్చేసరికి చొక్కా అంతా సాల్వెంట్ వాసన, కొన్ని రోజులు తలనొప్పి. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పనిచేసే నీటి ఇంకుల మీద పనిచేయాలని ఉంది. ఇంట్లో మాత్రం ఫార్మాలో చేరమంటున్నారు. ఏం చేయాలి? – సంగారెడ్డి నుంచి ఒక విద్యార్థిని

అమ్మా, నాన్న చొక్కా వాసనతో నీకు ఈ ఆలోచన మొదలైంది చూడు, అంతకంటే మంచి కారణం ఉండదు. ఆ వాసన చాలావరకు ఇథైల్ ఎసిటేట్ లాంటి సాల్వెంట్లది. ఇదివరకు టోలీన్ కూడా బాగా వాడేవాళ్లు, ఆహార ప్యాకింగ్ ఇంకుల్లో అది ఉండకూడదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 15495 ను 2020లో సవరించినప్పుడు చేర్చారు. టోలీన్ తీసేసిన చోటికి వేరే సాల్వెంట్ వచ్చింది, అంతే. ఆరేటప్పుడు గాల్లోకి పోయేది ఇంకా పోతూనే ఉంది.

మరి నీళ్లతో ఎందుకు చేయట్లేదు అంటావా? నీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లు, ప్యాకెట్లకు వాడే పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌ది దాదాపు 30. అంటే తామరాకు మీద బొట్టులా నిలబడుతుంది తప్ప పరుచుకోదు. ఇథైల్ ఎసిటేట్‌ది సుమారు 24, దానికి ఆ బాధ లేదు. కరోనా ట్రీట్‌మెంట్ (ఫిల్మ్ ఉపరితలం మీద విద్యుత్ డిశ్చార్జి పంపడం) చేసి ఫిల్మ్‌ని 38కి పైకి తీసుకొస్తారు, కానీ రోల్ నిల్వ ఉన్నకొద్దీ అది మళ్లీ పడిపోతుంది. పైగా కిలో నీటిని ఆవిరి చేయాలంటే కిలో ఇథైల్ ఎసిటేట్‌కి పట్టే వేడికి ఐదారు రెట్లు కావాలి, మెషీన్ స్పీడ్ తగ్గిందంటే యజమాని మొహం మాడిపోతుంది.

అసలు ముడి మాత్రం రెజిన్‌లో, అంటే రంగుని ఫిల్మ్‌కి పట్టి ఉంచే పదార్థంలో ఉందని నేననుకుంటాను. సాల్వెంట్ ఇంకు సిలిండర్ మీద ఆరిపోయినా, వెనకాల వచ్చే తాజా ఇంకు దాన్ని మళ్లీ కరిగించేస్తుంది. నీటి ఇంకులో యాక్రిలిక్ రెజిన్‌ని అమ్మోనియాతోనో అమీన్‌తోనో నీటిలో నిలబెడతారు, ఆరేటప్పుడు అమ్మోనియా ఎగిరిపోతే ఆ రెజిన్ మళ్లీ నీళ్లలోకి అంత తేలిగ్గా రాదు. ఫిల్మ్ మీద మనకి కావాల్సింది సరిగ్గా అదే. కానీ సిలిండర్ గుంటల్లో అదే జరిగితే డిజైన్‌లో సన్నటి భాగాలు మూసుకుపోయి, మెషీన్ ఆపి కడగాల్సి వస్తుంది. ఒకే గుణం ఒకచోట కావాలి, రెండు అడుగుల దూరంలో వద్దు. ఆర్గానిక్ చదివినవాళ్లకి ఇంతకంటే ఆసక్తికరమైన పని ఏముంటుంది చెప్పు!

అందుకే రంగుల కెమిస్ట్రీ కంటే ముందు పాలిమర్లు పట్టుకో: ఎమల్షన్ పాలిమరైజేషన్, పాలీయురేథేన్ డిస్పర్షన్లు, సర్ఫేస్ కెమిస్ట్రీ. హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది, అక్కడ పాలిమర్ల విభాగంలో ప్రాజెక్టుకి ప్రయత్నించు, సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాస్తే పరిశోధన దారి కూడా తెరుచుకుంటుంది. ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐసీటీ)లో సర్ఫేస్ కోటింగ్స్ ప్రత్యేకంగా చెబుతారు, అర్హతలు చూసుకో. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, ఇంకు కంపెనీల్లోనూ, వాటికి రెజిన్ ఇచ్చే కంపెనీల్లోనూ ఎమ్మెస్సీ వాళ్లకి ల్యాబ్ ఉద్యోగాలు ఉంటాయి. సీగ్‌వెర్క్, డీఐసీ, హ్యూబర్‌గ్రూప్ లాంటి ఇంకు కంపెనీల ప్లాంట్లు గుజరాత్, రాజస్థాన్ వైపు ఉన్నాయి కాబట్టి ఊరు వదలడానికి ఇంట్లో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. మొదట్లో ఫార్మా కంటే జీతం తక్కువ రావొచ్చు, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు.

నేరుగా ఫిల్మ్ ఇంకుల ఉద్యోగమే దొరకాలని పట్టుబట్టకు. అట్టపెట్టెల మీద ఫ్లెక్సో (మెత్తటి ప్లేట్లతో చేసే) ప్రింటింగ్ ఎప్పటినుంచో నీటి ఇంకులతోనే నడుస్తోంది, అక్కడ మొదలుపెడితే పీహెచ్ పడిపోవడం, నురగ, వయస్కాసిటీ (ఇంకు చిక్కదనం) చేతికి అలవాటవుతాయి. ఇంకోటి, నీటి ఇంకు అంటే ఉద్గారాలు సున్నా అని ఇంటర్వ్యూలో అనకు. చాలావాటిలో కొంత ఆల్కహాల్ ఉంటుంది, మెషీన్ కడిగిన నీళ్లు శుద్ధి చేయకుండా వదలకూడదు కూడా.

ఫార్మా ఆఫర్ చేతికొచ్చి, ఇంటికి ఆ డబ్బు అత్యవసరమైతే చేరు, తప్పేం లేదు, నెట్ ప్రిపరేషన్ మాత్రం ఆపకు. ఈలోగా నీ మొదటి గురువు ఇంట్లోనే ఉన్నాడు. ఈ ఆదివారం నాన్నని కూర్చోబెట్టి, చిక్కదనం కొలిచే బీ4 కప్పులో ఎన్ని సెకన్లకి ఇంకు పెడతాడో, ఫిల్మ్ మీద ఇంకు పరుచుకుంటుందో లేదో చూసే డైన్ పెన్‌తో ఫిల్మ్ ఎప్పుడు చూస్తాడో, టేప్ అంటించి పీకే టెస్ట్‌లో ఏ రంగు ఎక్కువగా ఊడొస్తుందో అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయి. రాసింది నాకు పంపు, ప్రాజెక్టుకి ఏ ప్రశ్న తీసుకోవాలో దాన్ని చూసి చెబుతాను.