నాన్న కూడా వస్తానంటున్నారు!

ప్రశ్న: నాన్నకి 67 ఏళ్లు, పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, నడక తడబడే నరాల జబ్బు). ఆ జబ్బున్నవాళ్ల మందుల ఖర్చు కోసం మా కాలనీవాళ్లు విశాఖ బీచ్ రోడ్డులో 5 కిలోమీటర్ల పరుగు పెడుతున్నారు. ‘నేనూ వస్తా’ అని నాన్న పట్టు. పడిపోతారేమోనని నాకు టెన్షన్.

జవాబు: డాక్టరుని ఓ మాట అడిగి తీసుకెళ్లమ్మా. పరిగెత్తక్కర్లేదు, ఓపికున్నంత నడుస్తారు. ఈ జబ్బుకి వాడే లెవోడోపా మాత్ర వేళ తప్పనివ్వకు. మాత్రతోపాటే పెసరట్టు మాత్రం వద్దు. అందులోని మాంసకృత్తులు కొందరిలో ఆ మందుని సరిగా ఒంటబట్టనివ్వవు. గుంపులో, మలుపుల్లో కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోవచ్చు. అప్పుడు లాగకు. ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టు, లేదా నేలమీద గీత చూపించి దాటమను. మా పెదనాన్న గడప దగ్గరే ఆగిపోయేవారు, సుద్దముక్కతో గీతలు గీసేవాళ్లం. పిల్లలు తొక్కుడుబిళ్ల అనుకుని ఆడేసేవాళ్లు! మొదట్లో తోపులాట ఉంటుంది, అందరూ కదిలాక బయల్దేరండి.