చేప టాకోలు: మేనకోడలికి ఒక ఉత్తరం

సోంపేట

చి॥ల॥సౌ॥ అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

గుంటలు వీడియోలో చూసి చేప టాకోలు కావాలని పేచీ పెడుతున్నారనీ, ఈ ఆదివారం చేసిపెడతాననీ ఫోనులో అన్నావు. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను గానీ, ఒక పక్క కుక్కరు విజిలు, ఇంకో పక్క చిన్నదాని ఏడుపు. నువ్వు ఊఁ కొడుతున్నావే తప్ప ఒక్క ముక్కా చెవిన పడటం లేదని తెలుస్తూనే ఉంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. పొయ్యి దగ్గర పెట్టుకుని చూసుకో.

ఓడల మీద వంట చేసి బతికినవాణ్ణి కదా, ఈ తిండిని దాని సొంతూళ్ళోనే తిన్నాను. మెక్సికోలో పసిఫిక్ సముద్రం పక్కన బాహా కాలిఫోర్నియా అని ఒక రాష్ట్రం. అందులో ఎన్సెనాడా రేవు. రేవు దగ్గర్లోనే చేపల బజారు, ఆ చుట్టుపక్కల టాకో బళ్ళు. మూకుడులోంచి తీసిన ముక్కని తీసినట్టే చిన్న మొక్కజొన్న రొట్టెలో పెట్టి చేతికిస్తారు. క్యాబేజీ, సాసు ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకుని, నిమ్మకాయ పిండుకుని, అక్కడే నిలబడి తినేస్తారు.

నీ చేప వేపుడు నాకు తెలుసు. మా అప్ప, అదే మీ అమ్మ, నేర్పిన చెయ్యి. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించి, గంటసేపు నానబెట్టి పెనం మీద వేయిస్తావు. దానికి వంక పెట్టను. కానీ ఆ పద్ధతి ఇక్కడికి తేవద్దు. ముద్ద పట్టించిన చేప తడిగా ఉంటుంది. తడి మీద పిండి నిలవదు, నూనెలో పడగానే తొడుగు ఊడి పిండి ఒకచోట, చేప ఒకచోట తేలతాయి. ఇందులో చేపకి ఉప్పూ మిరియాలూ చాలు. కారం, పులుపు పైన వేసేవాటిలోంచి వస్తాయి. చేప కొన్న దగ్గర్నుంచి నోట్లో పెట్టుకునేదాకా నువ్వు కనిపెట్టుకుని ఉండాల్సింది తడి ఒక్కదాన్నే.

చేప సంగతి. నన్నడిగితే మొదట పండుగప్ప. తెల్లటి కండ, వేగాక రేకులు రేకులుగా విడుతుంది, వాసన తక్కువ. దొరక్కపోతే కోనాం, అదీ పెద్దదైతేనే. చందువ కొని డబ్బు తగలేయకు, పల్చటి చేప, దాన్ని చందువలాగే తినాలి. కానాగంతలు రుచే గానీ నూనె చేప, ఈ పిండిలో వాటి వాసన ఇంకా పైకి లేస్తుంది. రాగండి అసలే వద్దు, సన్నముళ్ళు ఏరలేక చస్తావు, పైగా తినేది పిల్లలు. అక్కడ సొరచేపతో కూడా చేస్తారు, కానీ మనకి సొర అంటే పుట్టు కూరే. మీకు చింతపల్లి, ముక్కాం వైపు నుంచి సముద్రపు చేప వస్తుంది కాబట్టి పొద్దున్నే బేగి వెళ్తే మంచిది దొరుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఎవరైనా తాజా కోనాం అన్నారంటే మొప్ప ఎత్తి చూడకుండా నమ్మకు. పండుగప్పని చెరువుల్లోనూ పెంచుతారు కాబట్టి అప్పుడు అదే దిక్కు.

మీ నలుగురికీ ముల్లు తీసిన కండ అరకిలో చాలు. చేపలమ్మే ఆవిణ్ణే నడిముల్లు, తోలు తీసి ఇమ్మను, తలకాయ మాత్రం వదిలిపెట్టి రాకు. ఇంటికొచ్చాక కండ మీద వేలు పెట్టి మెల్లగా రాస్తూ పోతే మిగిలిన ముల్లు చేతికి తగులుతుంది, లాగెయ్యి. వేలంత పొడుగు, బొటనవేలంత మందం ముక్కలు కొయ్యి. కడిగి జల్లెడలో వేసి వదిలేస్తే చాలదు. పాత నూలుగుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అద్దు. గుడ్డ తడిసిపోతే మార్చి మళ్ళీ అద్దు. ఉప్పు సరిగ్గా వేయించబోతుండగా మాత్రమే చల్లు. ముందే చల్లి పెడితే చేప నీరు వదులుతుంది, పడ్డ శ్రమంతా పోతుంది.

పిండి: ఒక కప్పు మైదా, పావు కప్పు బియ్యప్పిండి, చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా ఉప్పు, అర చెంచా ఆవపిండి, కాస్త మిరియాల పొడి. వాళ్ళు ఒరెగానో అని ఒక ఎండాకు వేస్తారు, నువ్వు రెండు చిటికెల వాము నలిపి వెయ్యి, సరిపోతుంది. శనగపిండి వేస్తానంటావేమో. వద్దు. బజ్జీకి అది బాగుంటుంది గానీ చేప రుచిని మింగేస్తుంది. బియ్యప్పిండి ఎందుకంటే, మైదాలో సాగే గుణం ఉంది, బియ్యప్పిండిలో లేదు. ఆ సాగుడు తగ్గితేనే తొడుగు కరకరలాడుతుంది.

ఇక ఇందులో పోసేది. అక్కడ చాలామంది బీరు పోస్తారు. ఇంట్లో మీ అత్తగారు ఉన్నారు, ఆ గొడవ మనకెందుకు? సోడా తెప్పించు. పని చేసేది గ్యాసే. పిండిలో చిక్కుకున్న బుడగలు వేడి తగలగానే ఉబ్బి తొడుగుని గుల్లగా చేస్తాయి. సోడా ఫ్రిజ్‌లో గడ్డ కట్టబోయేంత చల్లగా ఉండాలి, మూత అప్పుడే తియ్యాలి. చల్లదనం మైదాని సాగనివ్వదు. సుమారు ఒక కప్పు పడుతుంది, ఒక్కసారే గుమ్మరించకుండా కొద్దికొద్దిగా పోస్తూ ఫోర్కుతో కలుపు. బజ్జీల పిండికంటే పల్చన, ముక్క ఎత్తితే పొరలా అంటుకుని మిగతాది కారిపోవాలి. ఉండలు కొన్ని మిగిలినా పర్లేదు, నున్నగా రావాలని గిలక్కొడితే రబ్బరు తొడుగే వస్తుంది. నూనె కాగాకే పిండి కలుపు, కలిపి పక్కన పెట్టుకోవద్దు.

నూనె వేరుశనగదో పొద్దుతిరుగుడుదో పోసుకో, ముక్క మునగాలి. 180 నుంచి 190 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు ఎక్కడిది అంటావు కదా, పిండి చుక్క ఒకటి వేసి చూడు. అడుక్కి పోయి అక్కడే కూర్చుంటే ఇంకా కాగలేదు. కొంచెం దిగి, చుట్టూ నురగతో వెంటనే పైకొస్తే సరిగ్గా ఉంది. వేసీ వేయగానే ఎర్రబడిపోతే మంట తగ్గించు. ముక్కని ముందు పొడి మైదాలో దొర్లించి దులిపి, అప్పుడు జారుపిండిలో ముంచు. ఆ పొడి పొరే పిండిని చేపకి పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు చెప్పేది ఎన్సెనాడా బండి మీద చూసింది. అతను ముక్కని నూనెలోకి వదిలేసేవాడు కాదు. ఒక చివర వేళ్ళతో పట్టుకుని, సగం నూనెలోకి దించి, అటూ ఇటూ మెల్లగా ఊపేవాడు. తొడుగు గట్టిపడి ముక్క తనంతట తాను తేలబోతుండగా అప్పుడు వదిలేవాడు. అలా చేస్తే మూకుడు అడుక్కి అంటుకోదు, ఒకదానికొకటి అతుక్కోదు. నీకు వేళ్ళతో భయమైతే పటకారుతో పట్టు. ఒక వాయికి నాలుగు ముక్కలు మించొద్దు, ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్క నూనె తాగుతుంది. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. చెవి కూడా పెట్టు: మొదట చిటపటలు జోరుగా ఉంటాయి, నీరు ఆవిరైపోతున్నకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. రంగు బంగారంలా తిరిగి, చప్పుడు తగ్గిందంటే తీసెయ్యి.

తీసి ఎక్కడ పెడతావన్నది కూడా ముఖ్యమే. పేపరు మీద పరిస్తే అడుగున ఆవిరి పట్టి కింది వైపు మెత్తబడిపోతుంది. తీగల స్టాండు ఉంటే దాని మీద, లేదంటే జల్లెడ బోర్లించి దాని మీద, గాలి ఆడేట్టు పెట్టు. అల్లుడుగారు ఆలస్యంగా వస్తారని హాట్‌బాక్సులో పెట్టి మూత బిగించావో, అరగంటకి తడిసిన బజ్జీలే తింటారు. ఆయన వచ్చాకే వేయించు, లేకపోతే ఆయన వాటా పిల్లలకి పెట్టెయ్యి.

రొట్టె దగ్గర ఎక్కువ ఆశపడొద్దు. మన రెండు జిల్లాల్లో మొక్కజొన్నకి కరువు లేదు గానీ, వాళ్ళు గింజని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి రుబ్బుతారు. అందువల్ల ఆ ముద్ద విరక్కుండా సాగుతుంది. మన మరలో ఆడించిన పిండికి ఆ పట్టు ఉండదు. మరిగే నీళ్ళు పోసి, మూడోవంతు గోధుమపిండి కలిపి తడిపితే ఫర్వాలేదు. అదీ కష్టమనిపిస్తే అరచేతి వెడల్పు పల్చటి చపాతీలు చేసుకో. మెక్సికో ఉత్తరాన గోధుమ రొట్టెలూ తింటారు, తప్పేం లేదు. కొట్లో అమ్మే కార్న్‌ఫ్లోర్ మాత్రం తెచ్చేవు! అది వట్టి గంజిపొడి, రొట్టెకి పనికిరాదు.

పైన వేసేవి చకచకా అయిపోతాయి. క్యాబేజీ దారంలా తరుగు, ఉప్పు కలపకు. పెరుగు గుడ్డలో వేలాడగట్టి, అంతే మయోనైజు కలిపి, నిమ్మరసం, ఉప్పు వెయ్యి. అందులోకి రెండు ఎండుమిరపకాయలు నిప్పు మీద కాల్చి, నలిపి వేస్తే ఆ పొగ వాసన అక్కడి సాసుని తలపిస్తుంది. టమాటా గట్టిది తీసుకుని, గింజలూ రసమూ తీసేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీరతో సన్నగా తరుక్కో. ఇవన్నీ పొయ్యి వెలిగించక ముందే గిన్నెల్లో సిద్ధంగా ఉండాలి.

వేయించడం మొదలయ్యాక నిన్ను మూకుడు దగ్గర్నుంచి ఎవరూ కదపకూడదు. పెద్దవాడికి రొట్టెలు వేడిచేసే పని అప్పజెప్పు. రొట్టె, దాని మీద చేప, క్యాబేజీ, సాసు, టమాటా, చివర్లో నిమ్మకాయ. ఒక్కొక్కటి కట్టడం, ఇవ్వడం, తినెయ్యడం. అందరికీ కంచాల్లో సర్ది కూర్చుందాం అనుకుంటే కుదరదు.

మిగిలిన నూనె చేప వాసన వేస్తుంది, డబ్బాలో తిరిగి పోయకు. వడగట్టి విడిగా పెట్టి, ఒకటి రెండు రోజుల్లో చేప వేపుడుకే వాడెయ్యి. తలకాయ, నడిముల్లు ఉన్నాయి కదా, చింతపండు పులుసులో వేసి సన్నని సెగ మీద పెట్టెయ్యి. మీ అత్తగారు టాకోలు ముట్టుకోకపోయినా రాత్రి అన్నంలోకి ఆ పులుసు ఉంటుంది.

అప్పని అడిగానని చెప్పు.

మావయ్య