ఏడాదిగా అమ్మ ఎడమ కన్ను అదురుతోంది, ఇప్పుడు మూతి కూడా లాగుతోంది. ఇది నరాల బలహీనతేనా? పక్షవాతం వస్తుందా?

రెండూ కాదండి. నరం బలహీనపడితే ముఖం జారుతుంది, కన్ను మూసుకోదు, పుక్కిలిస్తే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతాయి. మీరు రాసింది అందుకు పూర్తిగా తిరగేసిన సంగతి. అమ్మగారికి 52 ఏళ్లు, అదురు ఎడమ కంటి కింద మొదలైంది, మూడు నెలలుగా బుగ్గ, మూతి కూడా అటే లాగుతున్నాయి, మాట్లాడుతుంటే ఆ కన్ను దానంతటదే మూసుకుపోతోంది. అంటే కండరం పని మానలేదు, అక్కర్లేనప్పుడు కూడా పనిచేస్తోంది. నరం నీరసించలేదు, రేగింది. దీన్ని హెమిఫేషియల్ స్పాజమ్ అంటారు. ఇది పక్షవాతానికి ముందు మెట్టు కాదు.

ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభమని మొదటి ఆరు నెలలు, నరాల బలహీనత అని ఆర్ఎంపీ దగ్గర బి12 సూదులతో తర్వాతి ఆరు నెలలు. మన దగ్గర ఈ జబ్బు చాలా ఇళ్లలో ఇలాగే ముదురుతుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బి12 నిజంగా తగ్గితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. కన్నూ మూతీ కలిపి ఒక్క పక్కే లాగడం దాని లక్షణం కాదు. రక్తపరీక్షలో తక్కువుంటే వాడండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

మామూలు కన్నదురు వేరు. కింది రెప్పలో సన్నగా అల కదిలినట్టుంటుంది, మనకు తెలుస్తుంది కానీ ఎదుటివాళ్లకు సరిగా కనిపించదు. నిద్ర చాలకపోవడం, కాఫీ టీలు ఎక్కువవడం, ఒత్తిడి, గంటల తరబడి స్క్రీన్ చూడటం కారణాలు. రెండు వారాలు సరిగా పడుకుని కాఫీ తగ్గిస్తే చాలావరకు పోతుంది. మూడు నెలలు దాటినా, రెప్ప దాటి బుగ్గ మీదికి వచ్చినా ఇక దాన్ని కన్నదురు అనుకోకూడదు.

ఇంట్లోనే చూసుకోగల గుర్తు ఒకటుంది. అమ్మగారిని కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి కనుబొమ గమనించండి. మామూలుగా మనం కన్ను గట్టిగా మూస్తే కనుబొమ కిందికి దిగుతుంది. ఈ జబ్బులో చాలామందికి కన్ను మూసుకుపోతున్న క్షణంలోనే అదే పక్క కనుబొమ పైకి లేస్తుంది. కావాలని ఎవరైనా చేసి చూపిద్దామన్నా దాదాపు కుదరదు, ఎందుకంటే ఆ రెండు కండరాలనూ మనం విడివిడిగా వాడతాం. రేగిన నరం రెండింటినీ ఒకేసారి లాగేస్తుంది. ఫ్రెంచ్ నరాల వైద్యుడు బాబిన్‌స్కీ 1905లో వర్ణించిన గుర్తు ఇది, నేటికీ డాక్టర్లు దీన్ని చూస్తారు.

అది కనిపించగానే ఫోన్‌లో వీడియో తీయండి. ముందు అర నిమిషం ఊరికే కూర్చోబెట్టి తీయండి. తర్వాత అయిదుసార్లు కళ్లు గట్టిగా మూసి తెరవమనండి, పళ్లు కనబడేలా "ఈ" అనమనండి, బుగ్గలు ఉబ్బించమనండి. రాత్రి నిద్రలో ఉన్నప్పుడు కూడా ఒక నిమిషం తీయండి, ఈ లాగుడు చాలామందికి నిద్రలోనూ పూర్తిగా ఆగదు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి ముఖం ప్రశాంతంగా ఉండిపోతుంది, అందుకే వీడియో లేకుండా వెళ్లొద్దు.

మీది కాకపోయినా చదివేవాళ్ల కోసం. రెండు కళ్లూ కలిసి బిగుసుకుపోయి, ఎండలో ఎక్కువై, కణత మీద వేలు పెడితే తగ్గుతుంటే అది బ్లెఫరోస్పాజమ్. మూతి వంకర వచ్చి నయమైన కొన్ని నెలలకు, నవ్వితే కన్ను మూసుకుపోతుంటే అది నరం తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పడం. దానికి కరెంటు పెట్టించుకోవద్దు, అద్దం ముందు మెల్లగా చేసే కసరత్తులే మేలు. పెదవులు చప్పరించడం, నాలుక తిప్పడం, దవడ నమలడం కనిపిస్తే గ్యాస్ మాత్రల పేర్లు చదవండి. లెవోసల్పిరైడ్ కలిపిన బిళ్ళలు మన దగ్గర నెలల తరబడి రాసేస్తారు, మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చేస్తారు. ఈ కదలికలు అవి తెచ్చిపెట్టినవి కావచ్చు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మూతి కొస దరువు వేసినట్టు కొట్టుకుంటూ చేతికి పాకితే, మాట పడిపోతే అది మూర్ఛ కావచ్చు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమ్మగారి విషయానికి వస్తే, ఎక్కువమందిలో కారణం ఒక రక్తనాళం. ముఖనరం మెదడు నుంచి బయటికి వచ్చే చోట దాని తొడుగు పల్చగా ఉంటుంది. వయసుతో వంకర తిరిగిన ధమని ఆ చోటే ఆనుకుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా తడుతుంటుంది. మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐలో అది తరచు కనబడదు, "నార్మల్" అని రిపోర్టు ఇచ్చి పంపేస్తారు. ముఖనరం దగ్గర సన్నని ముక్కలుగా తీసే సీఐఎస్ఎస్ లేదా ఫియెస్టా సీక్వెన్స్ కావాలని చీటీలో రాయించుకోండి. అక్కడ గడ్డ ఏమైనా నొక్కుతోందా అన్నదీ అందులోనే తేలుతుంది.

మూర్ఛకు వాడే కార్బమజెపీన్ లాంటి మాత్రలు కొందరికి కాస్త తగ్గిస్తాయి కానీ మత్తు, తూలుడు ఎక్కువ. ఒంటి మీద దద్దురు వస్తే ఆ పూటే ఆపి డాక్టర్‌కు చెప్పాలి. నా మాట అడిగితే మాత్రలతో ఏళ్లు గడపొద్దు, బొటులినమ్ టాక్సిన్ (బొటాక్స్ లాంటివి) సూదులకు వెళ్లండి. అందం కోసం వాడేదేగా అని మొహమాటపడతారు. నిజానికి ఈ మందుకు అమెరికాలో 1989లో తొలి అనుమతి వచ్చింది మెల్లకన్నుకూ, రెప్పల బిగుతుకూ.

బొటాక్స్ అయితే మామూలుగా సీసాలో 100 యూనిట్ల పొడి ఉంటుంది. 2 మి.లీ. సెలైన్ కలిపితే 0.1 మి.లీ.లో 5 యూనిట్లు, 4 మి.లీ. కలిపితే 2.5 యూనిట్లు వస్తాయి. ఇన్సులిన్ సిరంజికి ఉండేంత సన్నని సూదితో చర్మం కిందే, ఒక్కో చుక్కా 2.5 యూనిట్ల చొప్పున పెడతారు. పైరెప్పకు లోపలి కొసన ఒకటి, బయటి కొసన ఒకటి, కింది రెప్పకు బయటి వైపు ఒకటి, కంటి పక్కన ఇంకొకటి. పైరెప్ప నడిమధ్య పెట్టకూడదు, అక్కడ రెప్పను ఎత్తే కండరం ఉంది, మందు పాకితే రెప్ప వాలిపోతుంది. మూతి దగ్గర మొదటిసారి పెట్టకపోవడమో, ఒకటి రెండు యూనిట్లతో సరిపెట్టడమో మంచిది, ఎక్కువైతే నవ్వు వంకరవుతుంది, అన్నం బుగ్గలో నిలిచిపోతుంది. రెప్ప వాలినా, మూతి వంకరైనా వారాల్లో సర్దుకుంటాయి, భయపడక్కర్లేదు. ఆ రోజు ముఖం రుద్దకూడదు. కన్ను ఎండితే కన్నీటి చుక్కలు వాడాలి. గుణం వారంలోపు తెలుస్తుంది, రెండు వారాలకు పూర్తిగా పనిచేస్తుంది, మూడు నెలలకు తగ్గడం మొదలవుతుంది. ఆలోగా మళ్లీ పెట్టించుకోవద్దు. మయస్తీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) ఉన్నా, రక్తం పల్చబరిచే బిళ్ళలు వాడుతున్నా ముందే చెప్పండి.

శాశ్వతంగా పోవాలంటే ఆపరేషన్. చెవి వెనక ఎముకలో చిన్న కిటికీ తెరిచి, మైక్రోస్కోపు కింద ఆ ధమనిని నరం మీదినుంచి ఎత్తి, మధ్యలో దూదిలా విప్పిన టెఫ్లాన్ పింజ పెడతారు. ఆ సమయంలో ముఖనరంలో కంటి వైపు వెళ్లే కొమ్మను కరెంటుతో తట్టి, గడ్డం కండరం కూడా స్పందించినట్టు గీత వస్తోందా అని తెర మీద చూస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్న ముఖంలో ఆ గీత రాదు, ఈ జబ్బులో వస్తుంది. ధమని లేవగానే చాలామందిలో ఆ గీత చప్పున మాయమవుతుంది. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి నయమవుతుంది. కొందరికి వెంటనే కాకుండా నెలల మీద తగ్గుతుంది. అటు చెవి వినికిడి పోయే ప్రమాదం కొద్దిమందికి ఉంది, అందుకే ఇవి తరచుగా చేసే న్యూరోసర్జన్ దగ్గరే చేయించాలి.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, కంటి డాక్టర్ అయినా సూదులు అలవాటున్నవారైతే ఫరవాలేదు. మొదటిసారి సూదులు వేశాక ఏ కంపెనీ మందు, ఎక్కడెక్కడ ఎన్ని యూనిట్లు అన్నది ముఖం బొమ్మ మీద రాయించుకుని దాచండి. కంపెనీ మారితే యూనిట్లు ఒకదానికొకటి సరిపోవు. రెప్ప వాలిందా, ఎన్నో రోజున లాగుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు మొదలైందన్నవి ఆ కాగితం వెనకే రాసుకుంటే రెండోసారి డోసు అక్కడినుంచే సరిచేస్తారు.